లాహోరు జనరల్, సాన్ త్రోపే ఇల్లాలు

1822 మార్చి. పర్షియా నుంచి కాందహార్, కాబూల్, పెషావర్ మీదుగా ఇద్దరు ఫిరంగీలు లాహోరు చేరారు. ఒకడు ఫ్రెంచివాడు జాన్ ఫ్రాన్స్వా అలార్, వయసు ముప్పై ఏడు. రెండోవాడు ఇటలీ నుంచి వచ్చిన వెంతురా. ఇద్దరూ నెపోలియన్ సైన్యంలో కత్తి పట్టినవాళ్లే. ఇప్పుడు ఆ సైన్యమూ లేదు, ఆ చక్రవర్తీ లేడు. అంతకు ముందు సంవత్సరమే సెయింట్ హెలీనా దీవిలో ఆయన కన్నుమూశాడు.

మహారాజా రంజిత్ సింగ్‌కి వీళ్లమీద మొదటి రోజునుంచే అనుమానం. సట్లెజ్ నదికి అవతలి గట్టున, లుధియానాలో ఇంగ్లీషువాళ్లు తిష్ట వేసుకుని ఉన్నారు. తెల్లవాడు ఎవడు వచ్చినా ముందు వాళ్ల గూఢచారేమో చూసుకోవాలి. ఎవరు మీరు, ఏ దేశం, ఎందుకొచ్చారు, ఇక్కడినుంచి ఎక్కడికి పోతారు అంటూ ప్రశ్నల మీద ప్రశ్నలు. చివరికి మీకేం కావాలో మీ భాషలోనే కాగితం మీద పెట్టండి అన్నాడు. ఫ్రెంచిలో రాసిన ఆ అర్జీని లుధియానాకు పంపి, అనువాదం చేయించి తెప్పించుకున్నాడు. తనకు అక్షరం ముక్క రాదు. అయినా నోటితో చెప్పినదానికీ చేత్తో రాసినదానికీ పొత్తు కుదిరిందో లేదో చూసుకోనిదే వదలలేదు.

జవాబు వచ్చేదాకా వాళ్లిద్దరికీ పని లేదు. ఆ రోజుల్లో అలార్ ఎలా గడిపి ఉంటాడో ఊహించుకోవచ్చు. ఎండలు ముదురుతున్నాయి. పూట గడవాలంటే రాజుగారి దయ ఉండాలి. వెనక్కి వెళ్దామంటే ఊరు వేల మైళ్ల దూరాన ఉంది. వెళ్లినా అక్కడ ఆయన కోసం కాచుకున్నది ఏముంది?

ఆయన పుట్టింది 1785లో, ఫ్రాన్స్ దక్షిణ తీరాన సాన్ త్రోపే అనే రేవు ఊళ్లో. ఇవాళ ఆ పేరు చెబితే సినిమా తారలు, విలాస నౌకలు గుర్తొస్తాయి. అప్పట్లో అది చేపల వలలు, పడవలు, ఉప్పుగాలి ఉన్న చిన్న ఊరు. కుర్రతనంలోనే గుర్రపు దళంలో చేరి, యుద్ధాలు తిరిగి, కెప్టెన్ అయ్యాడు. 1815లో మార్షల్ బ్రూన్ దగ్గర సహాయక సైనికాధికారి. ఆ ఏడు వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయాక బూర్బన్ రాజులు మళ్లీ గద్దెనెక్కారు. ఆగస్టు 2న అవిన్యోన్ పట్టణంలో రాజభక్తుల గుంపు ఒకటి మార్షల్ బ్రూన్‌ని చంపేసింది. తను కొలిచిన సేనాని గుంపు చేతిలో చచ్చాడు, తనకేమో సగం జీతం, నిత్యం పోలీసుల కన్ను. అలార్ లాంటివాళ్లు ఆ రోజుల్లో ఫ్రాన్స్ నిండా వేలమంది ఉన్నారు. మొదట అమెరికా పోదామనుకున్నాడంటారు. కాని అడుగులు తూర్పుకు పడ్డాయి. పర్షియా యువరాజు అబ్బాస్ మీర్జా దగ్గర కొన్నాళ్లు పనిచేశాడు. అక్కడ ఇంగ్లీషువాళ్ల మాట చెల్లుబడి పెరిగేసరికి ఫ్రెంచి అధికారులకు చోటు కరువైంది. ఇంకా తూర్పున ఒక సిక్కు రాజు కొత్త సైన్యం కడుతున్నాడని విన్నాడు.

మన తెలుగు పాఠకులకు ఇలాంటి కథ కొత్తేమీ కాదు. హైదరాబాద్ నిజాం సైన్యాన్ని నడిపించిన రేమండ్ కూడా ఫ్రాన్స్ నుంచి వచ్చినవాడే. 1798లో చనిపోయాడు. మలక్‌పేట అవతల గుట్టమీద సమాధి ఉంది, మూసారాంబాగ్ అన్న పేరులో ఆయన ఇప్పటికీ ఉన్నాడు. అయితే రేమండ్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆయన ఫిరంగులు, పటాలాలే కనిపిస్తాయి, ఇల్లు కనిపించదు. అలార్ విషయంలో అలా కాదు. ఆయన జాడ తీయాలంటే యుద్ధభూముల కంటే ముందు ఇద్దరు ఆడవాళ్ల దగ్గరకు వెళ్లాలని నా అభిప్రాయం. ఒకరు చిన్న వయసులో పోయిన కూతురు, మరొకరు భార్య.

లుధియానా నుంచి అనువాదం వచ్చింది. రంజిత్ సింగ్ మనసు కుదుటపడింది. ఆ వేసవిలోనే ఇద్దరినీ కొలువులోకి తీసుకున్నాడు. షరతులు మాత్రం గట్టివి. గొడ్డు మాంసం ముట్టకూడదు. గడ్డం గీయకూడదు. నలుగురిలో పొగ తాగకూడదు. ఇక్కడి పిల్లనే పెళ్లాడి ఇక్కడే కాపురం పెట్టాలి. సెలవు లేనిదే దేశం దాటకూడదు. అవసరమైతే సొంత దేశం మీదికైనా కత్తి దూయాలి. ఒక్కొక్కటీ ఒక్కో సంకెల. అలార్ గడ్డం పెంచాడు. ఆయన చిత్రాల్లో ఛాతీ మీదికి జాలువారే ఆ తెల్లటి పొడవాటి గడ్డమే ముందు కనబడుతుంది.

ఆయనకు అప్పగించింది గుర్రపు దళం. సిక్కు రావుతులకు గుర్రం కొత్త కాదు, భయం అసలే తెలియదు. వాళ్లకు గిట్టనిది వరసలో నిలబడటం, ఒకడి మాటకు వందమంది ఒక్కసారిగా కదలటం. ఆ కవాతు చూసి నాట్యగత్తెల ఆట అని వెక్కిరించారు. అలార్ ఓపిగ్గా పనిచేసుకుపోయాడు. ఆజ్ఞలు ఫ్రెంచిలో, పతాకం మూడు రంగులది. పంజాబు మైదానంలో తెల్లవారుజామున సాన్ త్రోపే యాసలో ఒక కేక, ఆ కేకకు తలపాగాలు చుట్టిన వందలాది సవార్లు ఒక్క తీరున పక్కకు మళ్లడం... లాహోరు వచ్చిన దొరలకు అది చూడదగ్గ దృశ్యం. 1823 మార్చిలో నౌషెరా దగ్గర అఫ్ఘాన్లతో జరిగిన యుద్ధంలో కొత్త దళాలు తమ విలువ చూపించాయి. ఆ తర్వాత వెక్కిరింపులు తగ్గాయి. అలార్, వెంతురా కూర్చిన ఈ సేనకే ఫౌజ్-ఎ-ఖాస్ అని పేరు.

1826లో పెళ్లి. అమ్మాయి పేరు బన్నూ పాన్ దేయి. హిమాలయాల దాపున ఉన్న చంబా ప్రాంతపు రాచబిడ్డ. ఆయనకు నలభై ఒకటి, ఆమెకు పన్నెండేళ్లని చెబుతారు. ఈ సంగతి చదివి ముందుకు పోలేం. ఆ కాలపు ఆచారం అని సర్దిచెప్పుకోవడం తేలిక. కాని ఒక మహారాజు షరతు, ఒక సైనికుడి కొలువు, వీటి మధ్య ఆ పిల్లను ఎవరూ ఏమీ అడిగి ఉండరు. భాష తెలియని, మతం కలవని, తండ్రి వయసున్న మనిషి ఇంట్లో అడుగుపెట్టింది. లాహోరులోని అనార్కలిలో ఫ్రెంచి అధికారులు మొగలాయి కట్టడాలను తమకు తగ్గట్టు మార్చుకుని ఉండేవారు. ఆమె కాపురం అక్కడే.

కాలం గడిచేకొద్దీ ఆ ఇంట్లో ఏదో నిజమైన బంధమే పెరిగింది. అలా అనుకోవడానికి మొదటి సాక్ష్యం ఒక సమాధి. 1827లో మేరీ షార్లొట్ అనే కూతురు పోయింది. అలార్ ఆ చిన్నారి కోసం తోటలో ఎత్తైన అరుగు మీద ఎనిమిది పలకల గుమ్మటం కట్టించాడు. లాహోరు మేస్త్రీల చేతి పని, మొగలాయి తీరు. శిలాఫలకం మీద ఫ్రెంచిలో కూతురి పేరు, స్వర్గంలో దేవుడి దీవెన కోరే మాట, కట్టించినవాడి పేరు దగ్గర 'అలార్ సాహెబ్ బహదూర్' అన్న లాహోరు బిరుదు. ఒకే పలకలో ఆయన రెండు జన్మలూ ఉన్నాయి. జనం ఆ చోటును కుడీ బాగ్ అన్నారు, పంజాబీలో ఆడపిల్ల తోట. నేటికీ పాత అనార్కలిలో, చుట్టూ లేచిన భవనాల మధ్య ఆ గుమ్మటం నిలిచి ఉంది. జనరల్ గారి పూర్వీకుల ఊరు వెతికేవాళ్లు సాన్ త్రోపే వెళతారు. ఆయన మనసు వెతికేవాళ్లు ఇక్కడికి రావాలి.

1831లో విక్తోర్ జాక్మోన్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లాహోరు వచ్చినప్పుడు అలార్ ఆయనకు సొంత తమ్ముడికి చేసినట్టు మర్యాదలు చేశాడు. ఊరు విడిచి ఏళ్లు గడిచిన వాడికి సొంత దేశపు మనిషి రాక ఎంత సంబరమో! మరుసటి ఏడాది డిసెంబరులో జాక్మోన్ బొంబాయిలో చనిపోయాడు.

పిల్లలు పుడుతున్నారు, ఎదుగుతున్నారు. తన వయసు యాభైకి చేరుతోంది. రేపు తనకేమన్నా అయితే ఈ దర్బారులో వీళ్లకు దిక్కెవరు? పిల్లల్ని ఫ్రాన్సులో చదివించాలి, తన మతంలో పెంచాలి అనుకున్నాడు. మహారాజుకు పంపడం ఇష్టం లేదు. చివరికి 1834 వేసవిలో సెలవు దొరికింది. బన్నూ, పిల్లలు, నౌకర్లతో సహా బయల్దేరి 1835లో ఫ్రాన్సు చేరారు.

ఇరవై ఏళ్ల కిందట సగం జీతానికి వెళ్లగొట్టిన దేశం ఇప్పుడు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. రాజు లూయీ ఫిలిప్ పిలిచి మాట్లాడాడు. లాహోరు దర్బారులో ఫ్రాన్సు ప్రతినిధిగా నియమించాడు, రంజిత్ సింగ్‌కి ఉత్తరం రాసిచ్చాడు. పారిస్ పత్రికల నిండా ఆయన కబుర్లే. ఇంకొకరైతే అక్కడే ఉండిపోయేవారు. అలార్ మాత్రం వెనక్కి వస్తానని మహారాజుకు మాటిచ్చి వచ్చాడు. సాన్ త్రోపేలో భార్యకు ఒక పెద్ద ఇల్లు కట్టించే ఏర్పాటు చేసి, పిల్లల్ని ఆమె చేతిలో పెట్టి, 1836లో వాళ్లను వదిలి ఓడ ఎక్కాడు.

ఆ రేవులో వీడ్కోలు సమయాన ఎవరేం మాట్లాడుకున్నారో ఏ కాగితమూ చెప్పదు. చెప్పకపోయినా ఒక లెక్క కళ్లకు కడుతుంది. ఆయన పుట్టిన ఊళ్లో ఆమె ఉండిపోతోంది. ఆమె పుట్టిన దేశానికి ఆయన వెళ్లిపోతున్నాడు. ఆమెకు అప్పటికి ఇరవై రెండేళ్లు. చంబా కొండల్లో పెరిగిన పిల్ల, ఎదురుగా మధ్యధరా సముద్రం, చుట్టూ తన వేషాన్ని వింతగా చూసే ఊరు. ఉన్న ఊరు వదిలి పరాయి దేశంలో వేరూనడం అన్నది అలార్ జీవితంలో గొప్ప సాహసంగా చరిత్ర రాసుకుంది. అదే పని బన్నూ కూడా చేసింది. జీతం లేకుండా, బిరుదు లేకుండా, తిరుగు ప్రయాణం లేకుండా.

లాహోరులో అలార్ ఊరికే కూర్చోలేదు. లా ఫోంతేన్ నీతికథలకు బొమ్మలు వేయించమని పారిస్ నుంచి ఫ్యూయే ద కోంష్ అనే కళాసేకరణకర్త కోరితే, ఆ పని ఇమాం బఖ్ష్ లాహోరీ అనే స్థానిక చిత్రకారుడికి అప్పజెప్పాడు. ఫ్రెంచి కథల్లోని నక్కలు, సింహాలు, రైతులు లాహోరు కుంచెతో పంజాబు చెట్ల కింద, పంజాబు వేషాల్లో ప్రాణం పోసుకున్నాయి. ఆ బొమ్మలు ఇప్పుడు లా ఫోంతేన్ పుట్టిన షాతో-త్యెరీ పట్టణపు మ్యూజియంలో ఉన్నాయి. ఆయన గెలిచిన యుద్ధాలన్నిటికంటే నాకు ఈ పనే గొప్పగా తోస్తుంది.

1839 జనవరి 23న పెషావర్‌లో అలార్ గుండె ఆగిపోయింది. యాభై మూడేళ్లు. అప్పటికి రంజిత్ సింగ్ పక్షవాతంతో మంచాన ఉన్నాడు. ఈ కబురు చెబితే తట్టుకోలేడని దర్బారులోని వాళ్లు కొన్నాళ్లు దాచిపెట్టారు. ఒకప్పుడు గూఢచారి అని శంకించిన రాజుకు ఆ మనిషి ఎంత దగ్గరయ్యాడో చెప్పడానికి ఇంతకంటే ఇంకేం కావాలి. శవాన్ని పెషావర్ నుంచి లాహోరు దాకా తీసుకొచ్చారు. దారిలో ఫిరంగులు వందనం చేశాయి, లాహోరు దగ్గర సైనికులు బారులు తీరి నిలబడ్డారు. కుడీ బాగ్‌లో, కూతురి పక్కనే ఖననం చేశారు. ఆరు నెలలు తిరక్కుండా జూన్ 27న రంజిత్ సింగ్ కూడా పోయాడు. పదేళ్లలో ఆ రాజ్యం ఇంగ్లీషువాళ్ల వశమైంది.

సాన్ త్రోపేకి ఆ వార్త ఓడల మీద ఆలస్యంగా చేరింది. రోజూ సాయంత్రం బన్నూ సముద్రం ఒడ్డుకు వెళ్లి ఆయన ఓడ కోసం ఎదురుచూసేదని ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. కథ అందంగానే ఉంది. కాని ఆమె చేసింది ఎదురుచూపు ఒక్కటే అన్నట్టు ఉండటం నాకు నచ్చదు. ఆమె పిల్లల్ని పెంచింది, కొన్నాళ్లకు కేథలిక్ మతం తీసుకుంది, చంబాకు గాని లాహోరుకు గాని తిరిగి వెళ్లకుండా ఆ ఊళ్లోనే వితంతువుగా నలభై అయిదేళ్లు బతికింది. 1884 జనవరిలో కన్నుమూసింది. అప్పటికి ఊరికి ఆమె పరాయిది కాదు.

వంశం అక్కడే నిలిచింది. ఉత్తరాలు, చిత్రపటాలు ఆ ఇంటివాళ్లు తరతరాలుగా దాచిపెట్టుకున్నారు. జాన్ మారీ లఫోన్ అనే చరిత్రకారుడు ఏళ్ల తరబడి కృషి చేసి పంజాబులోని ఫ్రెంచివాళ్ల చరిత్రను 1992లో పుస్తకంగా తెచ్చాడు. 2016లో సాన్ త్రోపేలో రంజిత్ సింగ్ విగ్రహం వెలిసింది. అలార్ కట్టించిన ఇల్లు ఇప్పుడొక హోటలు. పేరు పాన్ దేయి పాలే. జనరల్ గారిది కాదు, ఇల్లాలిది.