మద్ది చెట్టు నుంచి కంప్యూటర్ తెర దాకా

ఆదిలాబాద్ ప్రాంతంలో రాజ్‌గోండుల ఇంటి దేవుడి కార్యానికి పర్ధాన్ రావాలి. కీక్రి వాయిస్తూ పెర్సపేన్ కథ పాడాలి. ఏ వంశం ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, ఎవరు ఎవరికి అన్నదమ్ములు అన్నదంతా ఆ పాటలోనే ఉంటుంది. రాతలో లేని మన చరిత్రను గొంతులో దాచినవాళ్లు పర్ధాన్లు. అందుకే గోండు చిత్రకళ గురించి రాయాలనుకున్నప్పుడు మేము రంగుల దగ్గర కాకుండా పాట దగ్గర మొదలుపెడుతున్నాం.

మధ్యప్రదేశ్‌లో ఎగువ నర్మదా లోయలోనూ పర్ధాన్లు ఉన్నారు. అక్కడ వాళ్ల వాద్యం పేరు బానా, దేవుడి పేరు బడాదేవ్. ఆ దేవుడు ఉండే చెట్టును వాళ్లు సాజా అంటారు. మనం నల్లమద్ది అని పిలిచే చెట్టే అది. ఏడుగురు అన్నదమ్ములలో చిన్నవాడు బానా తయారుచేసి ఈ చెట్టు కింద వాయిస్తే దేవుడు మెచ్చాడనీ, ఆ చిన్నవాడి సంతతే పర్ధాన్లనీ ఒక కథ చెబుతారు. అంటే వాళ్ల పాట పుట్టిందే చెట్టు నీడలో.

పర్ధాన్ల బతుకు గోండు దాతల మీద ఆధారపడేది. ఒక్కో పర్ధాన్ కుటుంబానికి తరతరాలుగా కొన్ని గోండు ఇళ్లు ఉండేవి. కార్యానికి వెళ్లి పాడితే ధాన్యం, పశువులు, బట్టలు ఇచ్చేవారు. గోండుల చేతిలోని భూమి జారిపోయి, అడవి మీద హక్కులు తగ్గిపోయి దాతలే పేదలైనప్పుడు పాడేవాడిని పిలిచే శక్తి ఎవరికీ లేకపోయింది. శ్యామ్‌రావ్ హివాలే 1946లో ఈ పర్ధాన్ల మీద ఒక పుస్తకం రాశారు. ఆ తర్వాతి తరాల్లో బానా చాలా ఇళ్లలో గోడకు వేలాడే వస్తువైపోయింది. పాడాల్సినవాళ్లు కూలికి వెళ్లారు.

అలాంటి ఇంట్లోనే జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పుట్టాడు. ఊరు పాటన్‌గఢ్. అప్పుడది మండ్లా జిల్లాలో ఉండేది, ఇప్పుడు డిండోరి జిల్లాలో ఉంది. 1981లో భోపాల్ భారత్ భవన్ కోసం ఆదివాసీ కళను వెతుకుతూ చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం ఆ ఊరికి వెళ్లింది. గోడ మీద ఒక బొమ్మ చూసి, ఇది ఎవరు వేశారని అడిగింది. అప్పటికి జన్‌గఢ్ సుమారు ఇరవై ఏళ్ల కూలి యువకుడు. అతన్ని భోపాల్ తీసుకెళ్లారు. 1982లో భారత్ భవన్ ప్రారంభమైంది.

గోడల మీద, వాకిళ్లలో ముగ్గులా వేసే డిగ్నా అక్కడి ఆడవాళ్ల చేతి పని. తెల్ల మట్టి, ఎర్ర మట్టి, బొగ్గు, ఆకుల పసరు వాళ్ల రంగులు. ఒంటి మీద పచ్చబొట్ల చుక్కలు, గీతలు కూడా ఉండేవి. వీటన్నిటినీ చూస్తూ పెరిగిన జన్‌గఢ్ కాగితం మీద, కాన్వాసు మీద కొత్త పని మొదలుపెట్టాడు. అంతవరకు పాటలో మాత్రమే ఉన్న దేవుళ్లకు రూపం ఇచ్చాడు. చుక్కల వరుసలతో, సన్నని గీతలతో ఒళ్లంతా నింపిన చెట్లు, జింకలు, పక్షులు, పాములు వచ్చాయి. ఈ శైలిలో జింక కొమ్ములు పెరిగి చెట్టు కొమ్మలవుతాయి. తెలుగులో ఆ రెండు మాటలకు ఎంత దగ్గరితనమో ఆ బొమ్మల్లో జంతువుకూ చెట్టుకూ అంత దగ్గరితనం. ఈ శైలికి జన్‌గఢ్ కలమ్ అని పేరు వచ్చింది.

ఒక విషయం మన యువత గమనించాలి. జన్‌గఢ్ మట్టి రంగుల దగ్గరే ఆగిపోలేదు. పోస్టర్ రంగులు, అక్రిలిక్ వాడాడు. భారత్ భవన్ గ్రాఫిక్ విభాగంలో పనిచేసి అచ్చు బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. 1989లో ప్యారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు అతని బొమ్మలు వెళ్లాయి. పనిముట్టు మారినా అందులో చెప్పే కథ పాటన్‌గఢ్‌దే. 2001లో, సుమారు నలభై ఏళ్ల ప్రాయంలో, ఇంటికి ఎంతో దూరాన జపాన్‌లో అతను చనిపోయాడు. ఆ బాధ ఆ సముదాయంలో ఇంకా తీరలేదు.

అయినా అతను ఒంటరిగా ఎదగలేదు. ఊరి నుంచి బంధువులను పిలిపించి, తన దగ్గర ఉంచుకుని పని నేర్పాడు. అలా వచ్చినవాళ్లలో భజ్జు శ్యామ్ ఒకరు. కాపలా పని కూడా చేసిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. చిన్నప్పుడే డిగ్నా నేర్చుకున్న దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో వచ్చింది. వీళ్లిద్దరూ, రామ్‌సింగ్ ఉర్వేతీ కలిసి వేసిన చెట్ల బొమ్మలను చెన్నైలోని తారా బుక్స్ 2006లో ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ పేరుతో పుస్తకంగా తెచ్చింది. పగలంతా నీడ, తిండి ఇచ్చే పనిలో ఉండే చెట్టు రాత్రి తన అసలు రూపం చూపిస్తుందన్న నమ్మకం ఆ పుస్తకానికి మూలం. నల్ల కాగితం మీద ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ పెట్టి, ప్రతి ప్రతినీ చేత్తో అచ్చువేశారు. 2008లో దానికి బొలోన్యా బాలల పుస్తక ప్రదర్శనలో బహుమతి వచ్చింది.

ఇప్పుడు మరో పనిముట్టు వచ్చింది. పెన్నుతో కాగితం మీద గీసి, స్కాన్ చేసి, కంప్యూటర్‌లో రంగులు నింపేవాళ్లున్నారు. టాబ్లెట్ తెర మీదే నేరుగా చుక్కలు పెట్టేవాళ్లున్నారు. ఇది మన కళ కాదని కొందరు పెద్దలు అంటారు. మేము అలా అనుకోవడం లేదు. గొంతు నుంచి గోడకు, గోడ నుంచి కాగితానికి, కాగితం నుంచి అచ్చుకు వచ్చిన కళ తెర మీదికి రావడంలో వింత ఏముంది?

మా భయం వేరే చోట ఉంది. కంప్యూటర్‌లో ఒకసారి ఎక్కిన బొమ్మను ఎవరైనా తీసుకోవచ్చు. చీరల మీద, సంచుల మీద, కప్పుల మీద గోండు చుక్కలు కనిపిస్తాయి, వేసినవారి పేరు కనిపించదు. ఒక్కో గోండు చిత్రకారుడికి తనదైన నింపుడు గీత ఉంటుంది. కొందరిది విత్తనాల వరుస, కొందరిది దున్నిన చాలు, కొందరిది చేప పొలుసు. అది వాళ్ల సంతకం. నకలు చేసేవాడికి అది కేవలం డిజైన్. అడిగిన క్షణంలో బొమ్మ తయారుచేసే కృత్రిమ మేధ వచ్చాక ఈ దోపిడీ ఇంకా సులువైంది. మధ్యప్రదేశ్ గోండు చిత్రకళకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అది మంచిదే. కానీ ఆ గుర్తింపు కళాకారుడి పేరును తనంతట తాను కాపాడదు.

అందుకే ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులకు ఒక మాట. పిల్లలు ఇప్ప చెట్టునో, మోదుగనో, మద్దినో గీస్తే ముందు ఆ చెట్టు పేరు వాళ్ల తల్లిభాషలో రాయించండి. ఆ చెట్టు గురించి ఇంట్లో తాతో అవ్వో ఏం చెబుతారో అడిగి రమ్మనండి. బొమ్మను ఫోన్‌లో తీసినా, టాబ్లెట్ మీద వేసినా దానితో పాటు పిల్లవాడి పేరు, గూడెం పేరు, కథ చెప్పినవారి పేరు, తేదీ రాసి భద్రపరచండి. కాగితం మీది అసలు బొమ్మను పారేయకండి.

మన యువతకూ అదే మాట. టాబ్లెట్ నేర్చుకోండి, కానీ అంతకంటే ముందు కీక్రి వాయించే పెద్దాయన దగ్గర ఒక పూట కూర్చోండి. పాటన్‌గఢ్‌లో బానా మూగబోయినా, విన్న కథలు ఒక కూలి యువకుడి చేతిలో చెట్లుగా మొలిచాయి. మన గూడేల్లో కీక్రి ఇంకా పూర్తిగా ఆగలేదు. వినడానికి మనకు ఇంకా సమయం ఉంది.