గోడలున్న ఊళ్లో గ్రంథాలయం

మన రోమా రోలా గ్రంథాలయానికి రెండు వందల ఏళ్లు నిండుతున్నాయి. ఈ ప్రత్యేక సంచికకు నాకిచ్చిన అంశం, కళాసాహిత్యాలు సమాజాన్ని చూసే చూపును మారుస్తాయా అన్నది. మారుస్తాయనే నా నమ్మకం. సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు, పుదుచ్చేరి వీధుల్లోనే ఉంది.

రంగపిళ్ళై వీధిలో ఆనందరంగ పిళ్ళై ఇల్లు చూడండి. కింద మన పద్ధతిలో చెక్క స్తంభాలు, మేడ మీద ఫ్రెంచివాళ్ల తరహా సున్నపు స్తంభాలు. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఈ పెద్దమనిషి తెలుగువాళ్లకు పరాయివాడేం కాదు. కస్తూరి రంగకవి రాసిన ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ వెలసింది ఈయన పేరు మీదే. పిళ్ళై 1736లో తమిళంలో దినచర్య రాయడం మొదలుపెట్టి, 1761లో కన్నుమూసే ముందు దాకా ఆ అలవాటు వదల్లేదు.

అందులో 1745 నాటి సంగతి ఒకటుంది. ఊళ్లోని చర్చిలో పరయ కులపు క్రైస్తవులను మిగతావాళ్ల నుంచి వేరుచేస్తూ లోపల ఒక గోడ ఉండేది. ప్రార్థనకు వచ్చి గోడ అవతల కూర్చోవలసిన వాళ్లంతా ఒకనాడు కూడబలుక్కుని పెద్ద ఫాదిరీ దగ్గరికి వెళ్లారు. మేమూ మీ శిష్యులమే కదా, మాకీ తేడా ఎందుకని నిలదీశారు. ఫాదిరీ గోడ పడగొట్టించాడు. పై కులాల క్రైస్తవులు భగ్గుమన్నారు. పిళ్ళై సంస్కర్త కాడు, అడిగినవాళ్ల పక్షమూ కాడు. అయినా చూసిందీ విన్నదీ రాసిపెట్టాడు. ఆ నాలుగు మాటలే లేకపోతే, అడిగినవాళ్ల గొంతు మనదాకా వచ్చేదే కాదు. ఆ దినచర్య 1904, 1928 మధ్య మద్రాసులో పన్నెండు సంపుటాలుగా ఇంగ్లీషులో అచ్చయింది. మన కాలంలో ఈ ఊరివాడే అయిన ప్రపంచన్ దాని ఆధారంగా నవలలు రాశారు. వాటిలో ‘వానం వసప్పడుం’ నవలకు 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

గోడ కూలిందన్న ఆ సంఘటనకు ఎనభై ఏళ్ల తర్వాత, 1827లో, గవర్నరు రిష్‌మోన్ గ్రంథాలయం పెట్టించాడు. అదీ మొదట్లో ఐరోపావాళ్లకే. ఊరి జనానికి తలుపు తెరుచుకున్నది తర్వాతే. ఈ సంగతి పండగ వేళ దాచిపెట్టకూడదు. ఎవరు చదవవచ్చు అన్న ప్రశ్న తేలనిదే ఎవరి చూపు మారుతుంది అన్న ప్రశ్నకు అర్థం లేదు.

1908లో సుబ్రహ్మణ్య భారతి బ్రిటిషు పోలీసులను తప్పించుకుని ఇక్కడికి వచ్చాడు. పదేళ్లున్నాడు. ‘పాంచాలీ శపథం’, ‘కుయిల్ పాట్టు’ ఇక్కడ పుట్టినవే. ఆయన కవిత్వం కాగితం మీదే ఆగిపోలేదు. కనకలింగం అనే దళిత యువకుడికి తన చేతులతో జంధ్యం వేశాడు. ఆ కనకలింగమే పెద్దయ్యాక తన గురువు గురించి పుస్తకం రాశాడు. నాకు అన్నిటికన్నా పెద్ద మార్పుగా కనబడేది ఇదే. తన గురించి ఇతరులే రాయవలసిన మనిషి, తానే రచయితయ్యాడు. భారతి చుట్టూ చేరినవారిలో కనకసుబ్బురత్నం అనే బడిపంతులు కూడా ఉన్నాడు. మొదట మురుగన్ మీద భక్తి పాటలు కట్టిన ఆయనే భారతిదాసన్‌గా మారి, 1930లో ‘సంజీవి పర్వతత్తిన్ శారల్’ రాసి మూఢనమ్మకాల మీద గురిపెట్టాడు.

ఇక మన యానాం. పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన, గోదావరి ఒడ్డున ఉన్న తెలుగు నేల. ఫ్రెంచి సరిహద్దు భారతికి నీడనిచ్చింది. అదే సరిహద్దు అక్కడ వేరే పనికి అక్కరకొచ్చింది. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చి పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి నేరమయ్యాక, చుట్టుపక్కల బ్రిటిషు ఊళ్లవాళ్లు పిల్లల్ని యానాం తీసుకెళ్లి పెళ్లిళ్లు చేశారు. ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చింది. చట్టం పొలిమేర దాటలేకపోయింది. అప్పటికే 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’ తెలుగునాట ఇంటింటి మాటగా ఉంది. సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మజూపే తండ్రి కథ చదివి నవ్వినవాడికి, ఆ పందిట్లో పెళ్లికూతురి వయసు కనబడకుండా పోదు. పెళ్లిళ్లు ఆగాయా అంటే, వెంటనే ఆగలేదు. నాటకం పోలీసు పని చేయదు. కానీ పెద్దలు గొప్పగా చెప్పుకునే పని ఒక తరం గడిచేసరికి గుసగుసగా చెప్పుకోవలసిన పనయింది. చట్టంతోపాటు గురజాడకూ అందులో భాగముంది.

1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన చేతులు మారింది. తర్వాత రోమా రోలా శతజయంతి సందర్భంగా గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు. పాలకుల పేర్లకు ఈ ఊళ్లో కొదవ లేదు. వాటి బదులు రచయిత పేరు పెట్టడం మంచి పని. రోలా ఒక్కసారి కూడా భారతదేశానికి రాలేదు. అయినా 1924లో గాంధీ మీద, ఆ తర్వాత రామకృష్ణ పరమహంస మీద, వివేకానందుడి మీద పుస్తకాలు రాసి, పాలితులుగా మాత్రమే తెలిసిన జనాన్ని ఐరోపా పాఠకులకు ఆలోచనాపరులుగా చూపించాడు. 1931 డిసెంబరులో గాంధీజీ స్విట్జర్లాండులో ఆయన ఇంటికి వెళ్లి కలిశారు.

ద్విశతాబ్ది నిర్వాహకులకు ఒక విన్నపం. యానాం కవి శిఖామణి ‘మువ్వల చేతికర్ర’తో దళిత జీవితాన్ని తెలుగు వచన కవితలో వినిపించారు. బొల్లోజు బాబా ‘ఫ్రెంచిపాలనలో యానాం’ పేరుతో ఆ ఊరి చరిత్ర రాశారు. యానాం రచయితల పుస్తకాలన్నీ ఒకేచోట దొరికేలా గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించండి. వాటిలో కొన్నిటినైనా తమిళంలోకి అనువాదం చేయించండి. ఒకే పాలనలో ఉంటూ ఒకరి పుస్తకాలు ఒకరం చదవకుండా ఇన్నేళ్లు గడిపాం. భారతిదాసన్ ఊరివాళ్లు శిఖామణిని చదవాలి, యానాం పిల్లలు ప్రపంచన్‌ను తెలుగులో చదవాలి.