ఆఫ్ఘన్ పునరావాస సహాయ విధానము (బ్రిటన్)

ఆఫ్ఘన్ పునరావాస సహాయ విధానము (సంక్షిప్తముగా అరాప్) అనునది ఆఫ్ఘనిస్తాన్‌లో బ్రిటిషు ప్రభుత్వము కొరకు, బ్రిటిషు సైన్యముతో కలసి పనిచేసిన ఆఫ్ఘన్ జాతీయులను, వారి కుటుంబ సభ్యులను యునైటెడ్ కింగ్‌డమ్‌కు తరలించుటకు ఏర్పరచిన పథకము. ఇది 2021 ఏప్రిల్ 1న ప్రారంభమై, 2025 జూలై 1న కొత్త దరఖాస్తులకు మూసివేయబడినది. శరణార్థుల వ్యవహారములు సాధారణముగా హోం శాఖ పరిధిలోనివి. అయితే ఈ పథకములో అర్హతను నిర్ణయించు బాధ్యత రక్షణ మంత్రిత్వ శాఖది. భద్రతా తనిఖీలు, వీసాలు మాత్రము హోం శాఖ చూచును.

నేపథ్యము

బ్రిటిషు సేనలు 2001 నుండి 2021 వరకు ఆఫ్ఘనిస్తాన్‌లో ఉన్నవి. ఈ కాలములో 457 మంది బ్రిటిషు సైనికులు, రక్షణ సిబ్బంది మరణించిరి. 2006 నుండి హెల్మండ్ రాష్ట్రములో జరిగిన పోరాటములలో స్థానిక దుబాసీలు గస్తీ దళములతో పాటు నడిచి, పష్టో, దరీ భాషలలో సంభాషణలను అనువదించిరి. గ్రామస్థులు వారి ముఖములను గుర్తుపట్టగలరు కనుక, సైన్యము వెళ్ళిపోయిన తరువాత ప్రమాదము వారినే కాక వారి కుటుంబములను కూడా వెంటాడినది.

బెదిరింపులు ఎదుర్కొన్న సిబ్బందికై 2010లో ఒక విధానము, ఉద్యోగము కోల్పోయినవారికై 2013లో మరొక పథకము వచ్చినవి. రెండవదానిలో, యుద్ధరంగములో కనీసము 12 నెలలు పనిచేసినవారు మూడింటిలో ఒకటి ఎంచుకొనవచ్చును.
* కుటుంబముతో బ్రిటన్‌కు తరలివెళ్ళుట
* స్వదేశములోనే భృతితో 5 సంవత్సరముల వరకు చదువు లేదా వృత్తి నైపుణ్య శిక్షణ
* 18 నెలల జీతము

ప్రారంభములో, తమంతట తాము రాజీనామా చేసినవారికి తరలింపు అవకాశము లేదు. 2020లో కొన్ని షరతులతో వారికి కూడా అవకాశము కల్పించిరి.

అర్హత

అరాప్‌లో దరఖాస్తుదారులు నాలుగు వర్గములుగా విభజింపబడిరి.
# ప్రాణహాని తక్షణముగా, తీవ్రముగా ఉన్నవారు
# దుబాసీల వలె బయటికి కనబడు ఉద్యోగములలో ప్రభుత్వము నేరుగా నియమించినవారు
# నేరుగా నియమింపబడినను అంతటి ప్రమాదము లేనివారు (వీరికి తరలింపు లేదు, ఇతర సహాయము మాత్రమే)
# బ్రిటిషు శాఖలతో కలసి పనిచేసి, దాని వలన ప్రమాదములో పడిన ప్రత్యేక సందర్భములవారు

నాలుగవ వర్గము ఎక్కువ వివాదములకు కారణమైనది. బ్రిటన్ శిక్షణ ఇచ్చిన కమాండో ఫోర్స్ 333, ఆఫ్ఘన్ టెరిటోరియల్ ఫోర్స్ 444 దళముల సభ్యుల దరఖాస్తులు అనేకము తిరస్కరింపబడినవి. సుమారు 2,000 నిర్ణయములను పునఃపరిశీలించుదుమని ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ప్రకటించినది. వీరిలో కొందరికి బ్రిటిషు ప్రభుత్వము నేరుగా జీతము చెల్లించినట్లు ఆధారములు దొరికినందున కొన్ని తిరస్కరణలు రద్దయినవి.

కాబూల్ తరలింపు, ఆ తరువాత

2021 ఆగస్టు 15న తాలిబాన్లు కాబూల్‌ను ఆక్రమించిరి. ఆపరేషన్ పిట్టింగ్ పేరుతో బ్రిటన్ ఆగస్టు 28 వరకు దాదాపు 15,000 మందిని విమానములలో తరలించినది. ఆగస్టు 26న విమానాశ్రయ ద్వారము వద్ద జరిగిన ఆత్మాహుతి దాడిలో సుమారు 170 మంది ఆఫ్ఘన్లు, 13 మంది అమెరికా సైనికులు మరణించిరి. అర్హత ఉన్నను విమానము అందుకొనలేకపోయిన అనేకులు పాకిస్తాన్ చేరి, ఇస్లామాబాద్ హోటళ్ళలో నెలల తరబడి వేచి ఉండిరి. అనుమతి పత్రములు లేని విదేశీయులను వెళ్ళగొట్టుదుమని 2023 అక్టోబరులో పాకిస్తాన్ ప్రకటించిన తరువాత తరలింపులు వేగము పుంజుకొన్నవి.

వసతి, సైనిక కుటుంబములు

వచ్చినవారిని తొలుత బ్రిటన్‌లోని హోటళ్ళలో ఉంచిరి. 2023లో హోటళ్ళను ఖాళీ చేయించిన తరువాత, సైనిక కుటుంబములకై కట్టిన ఇండ్లలో ఖాళీగా ఉన్న కొన్నింటిని తాత్కాలిక వసతిగా వాడిరి. 2011లో ప్రకటించిన సాయుధ దళముల ఒడంబడిక ప్రకారము, సేవ చేసినందువలన సైనికులకు, వారి కుటుంబములకు నష్టము కలుగరాదు. ఆ కుటుంబములు ఇండ్లలోని చెమ్మ, బూజు గురించి చాలాకాలముగా ఫిర్యాదు చేయుచున్నవి. సైనిక కుటుంబ గృహములలో సుమారు మూడింట రెండు వంతులకు విస్తృతమైన మరమ్మతులో పునర్నిర్మాణమో అవసరమని 2024 డిసెంబరులో పార్లమెంటు రక్షణ సంఘము తెలిపినది. 1996లో అమ్మివేసిన గృహములలో 36,000కు పైగా ఇండ్లను ప్రభుత్వము 2025 జనవరిలో దాదాపు 600 కోట్ల పౌండ్లకు తిరిగి కొన్నది.

సమాచార వెల్లడి

2021 సెప్టెంబరులో ఒక ఈ-మెయిల్ గ్రహీతల చిరునామాలు అందరికీ కనబడునట్లు పంపబడినది. ఇందుకు 2023లో రక్షణ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా పడినది. అంతకంటె పెద్ద పొరపాటు 2022 ఫిబ్రవరిలో జరిగినది. సుమారు 18,700 మంది దరఖాస్తుదారుల వివరములున్న పట్టిక బయటికి పోయినది. 2023 ఆగస్టులో అందులో కొంత ఫేస్‌బుక్‌లో కనబడువరకు ఈ సంగతి శాఖకు తెలియదు. 2023 సెప్టెంబరులో హైకోర్టు ప్రచురణను నిషేధించుటయే కాక, ఆ నిషేధము ఉన్నదని చెప్పుటను కూడా నిషేధించినది. జాబితాలోని వారికి, పార్లమెంటుకు సైతము విషయము తెలుపలేదు. వారిలో కొందరిని తెచ్చుటకు 2024 ఏప్రిల్‌లో ఒక రహస్య మార్గము ఏర్పడినది.

జాబితాలో పేరుండుట మాత్రముననే ప్రమాదము ఎక్కువగునని చెప్పలేమని ఒక సమీక్ష తేల్చిన తరువాత, 2025 జూలై 15న కోర్టు ఆజ్ఞ ఎత్తివేయబడినది. అదే రోజు రక్షణ మంత్రి జాన్ హీలీ పార్లమెంటులో క్షమాపణ చెప్పి, రహస్య మార్గమును మూసివేసినట్లు ప్రకటించెను. అప్పటికే అర్హత పొందినవారిని తీసుకొనివచ్చుదుమని ప్రభుత్వము తెలిపినది.

ఇవి కూడా చూడండి
* ఆఫ్ఘనిస్తాన్
* తాలిబాన్
* శరణార్థి