గతం లేని కథానాయకుడు: ‘సత్య’ (1998)లో ముంబై నేరచరిత్ర

1998 జూలై 3న విడుదలైన హిందీ చిత్రం ‘సత్య’ భారతీయ నేరచిత్రాలలో ఒక మలుపు అన్నది విమర్శలో స్థిరపడిన అభిప్రాయం. రామ్ గోపాల్ వర్మ దర్శకత్వం, సౌరభ్ శుక్లా, అనురాగ్ కశ్యప్‌ల రచన, మనోజ్ బాజ్‌పాయ్‌కి జాతీయ పురస్కారం తెచ్చిన భీకూ మ్హాత్రే పాత్ర విస్తృతంగా చర్చకు వచ్చాయి. ఆ చర్చలో తరచు వినిపించే మాట ‘వాస్తవికత’. అయితే 1990ల నాటి ముంబైని అధ్యయనం చేసేవారికి ఈ చిత్రం ఏ మేరకు ఆధారం కాగలదన్నది వేరే ప్రశ్న. చరిత్ర ఆధారంగా దీనికున్న బలమూ బలహీనతా ఒకే మూలం నుండి, అంటే కథానాయకుడికి గతం లేకపోవడం నుండి పుట్టాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

‘దీవార్’ (1975)లో విజయ్ తండ్రి కార్మిక నాయకుడు. యాజమాన్యం ఒత్తిడికి లొంగి, అవమానభారంతో ఇల్లు విడిచిపోతాడు. ‘నాయకన్’ (1987)లో వేలు తండ్రి కూడా కార్మిక నాయకుడే. పోలీసుల చేతిలో మరణిస్తాడు. ఆ రెండు కథలలోనూ నేరానికి వెనుక ఓడిపోయిన కార్మికోద్యమం ఉంది. ‘సత్య’లో జె.డి. చక్రవర్తి ధరించిన యువకుడు ఏ ఊరివాడో, ఏం వదిలి వచ్చాడో ప్రేక్షకుడికి తెలియదు. బార్‌లో పని, రౌడీలతో తగాదా, తప్పుడు కేసు, జైలు, అక్కడ భీకూతో స్నేహం. అతని చరిత్ర ముంబైలోనే మొదలవుతుంది.

గతం లేనందున చిత్రం దృష్టి అంతా వర్తమానం మీద నిలిచింది. ‘నాయకన్’ కోసం ధారావిని మద్రాసులో తోట తరణి సెట్‌గా నిర్మించారు. ‘సత్య’ ఛాయాగ్రాహకులు జెరార్డ్ హూపర్, మజహర్ కామ్రాన్ ముంబై వీధులలోకి, ఇరుకు గదులలోకి, వర్షంలోకి వెళ్లారు. ఇక్కడ నేరం ఒక జీవనోపాధి. భీకూ భార్య ప్యారీతో కొట్లాడతాడు, ఆమె చేత దెబ్బలు తింటాడు, పిల్లల తండ్రిగా కనిపిస్తాడు. మునుపటి చిత్రాలలోని దాతగాని, ప్రతినాయకుడుగాని ఇతనిలో లేడు. ఇంకా ముఖ్యమైనది రాజకీయ నాయకుడు భావూతో ఈ ముఠాకున్న సంబంధం. ఎన్నికల కోసం భావూ ఆపమంటే, ప్రత్యర్థి గురు నారాయణ్ మీద పగ కూడా వాయిదా పడాలి. దగ్డీ చాల్‌కు చెందిన అరుణ్ గావ్లీ 1997లో సొంత పార్టీ స్థాపించిన నగరంలో ఇది కల్పన అనిపించదు. రౌడీకీ నాయకుడికీ మధ్య ఉండే ఈ లావాదేవీని వర్మ అప్పటికే తెలుగులో ‘శివ’ (1989)లో చిత్రించి ఉన్నారన్నది తెలుగు పాఠకులకు తెలిసిందే.

వర్తమానం ఎంత స్పష్టంగా ఉందో, దాని వెనుక ఉన్నది అంత అస్పష్టం. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన దాదాపు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె ఓటమితో గిరణ్‌గావ్‌లో ఒక తరం ఉపాధి పోయింది. 1991 నాటి అభివృద్ధి నియంత్రణ నిబంధనలు మిల్లు భూముల అమ్మకానికి దారి తెరిచాయి. భీకూ వంటి మరాఠీ యువకులు ముఠాలలో ఎందుకు చేరారో, బిల్డర్ల దగ్గర అంత డబ్బు ఎలా పోగుపడిందో తెలియాలంటే ఈ రెండూ కావాలి. చిత్రంలో బిల్డర్ ఉన్నాడు, అతని కింద ఉన్న నేల లేదు.

మత విభజన గురించిన మౌనం ఇంతకంటె తీవ్రమైనది. 1992-93 అల్లర్లలో దాదాపు 900 మంది, 1993 మార్చి 12 పేలుళ్లలో 257 మంది మరణించారు. ముంబై ముఠాలు మతం ప్రాతిపదికన చీలడానికి ఆ పేలుళ్లను ఒక కారణంగా చెబుతారు. శ్రీకృష్ణ కమిషన్ నివేదిక 1998 ఫిబ్రవరిలో ప్రభుత్వానికి అందింది, ఆగస్టులో శాసనసభ ముందుకు వచ్చింది. ఈ రెంటికీ నడుమ విడుదలైన ‘సత్య’లో ఆ సంఘటనల నీడ కూడా పడలేదు. గతం లేని నాయకుడికి మతం, కులం, ప్రాంతం అడగనవసరం లేదు. ఆ వెసులుబాటు చిత్రం మొత్తానికీ సంక్రమించింది.

విద్యతో ప్రేమకథనూ పాటలనూ వాణిజ్య రాజీగా తోసిపుచ్చడం పరిపాటి. ఈ వ్యాసకర్తకు ఆ తీర్పు తొందరపాటుగా తోస్తుంది. గాయని కావాలనుకున్న విద్యకు అవకాశం రావడానికి కారణం సంగీత దర్శకుడికి ముఠా చేసిన బెదిరింపు. ఆ సంగతి ఆమెకు తెలియదు. 1997 ఆగస్టు 12న గుల్షన్ కుమార్ హత్య జరిగి ఏడాది తిరగకముందే, చిత్రపరిశ్రమ తన మీద పడిన నేర ప్రపంచపు నీడను తానే ఇలా చూపడం విశేషం. చిత్రంలో బలహీనమనుకున్న భాగమే చరిత్రకు దగ్గరగా ఉంది.

పోలీసుల విషయంలో ఈ పాటి నిశితత్వం లేదు. కమిషనర్ హత్య తర్వాత ప్రతీకార చర్యలన్నీ ప్రేక్షకుడికి సమంజసంగానే తోస్తాయి. మరుసటి ఏడాది మహారాష్ట్రలో వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టం వచ్చింది. చిత్రం ఆ చట్టానికి కారణం కాదు గాని, రెండూ ఒకే వాతావరణంలో పుట్టాయి.

నాలుగేళ్లకు ‘కంపెనీ’ (2002)లో వర్మ ముఠాల చీలికను నేరుగా కథావస్తువు చేసుకున్నారు. అక్కడా అది ఇద్దరు మిత్రుల అపార్థంగానే మిగిలింది. పేలుళ్ల మీద ‘బ్లాక్ ఫ్రైడే’ తీసినది ‘సత్య’ రచయితలలో ఒకరైన కశ్యప్. విచారణ సాగుతుండగా న్యాయస్థానం విడుదలను నిలిపివేయడంతో ఆ చిత్రం 2007 ఫిబ్రవరి వరకు భారతీయ ప్రేక్షకుల ముందుకు రాలేదు.