లోకము చెడిపోవుచున్నదా? – పుప్పాలగూడ పరిసరములనుండి ఒక విచారణ

“లోకము నానాటికి చెడిపోవుచున్నది” అను మాట మన పల్లెలలోను, పట్టణములలోను, విద్వత్సభలలో సైతము సమానముగా వినవచ్చుచుండును. పంట తెగనమ్ముకొన్న రైతును, కుమారుడు మాట వినని తండ్రియు, కావ్యములు చదువని విద్యార్థులను చూచిన అధ్యాపకుడును ఒక్క పదముతోనే తమ బాధను ముగింతురు: కలికాలము. ఈ పదమును నిట్టూర్పుగా విడిచిపెట్టక, ప్రమాణములతో పరీక్షింపదగిన ప్రతిజ్ఞగా స్వీకరించినచో ఏమి తేలునో చూడవలెనని మా ఉద్దేశము. అందుకు హైదరాబాదునకు పశ్చిమమున నున్న పుప్పాలగూడను, దాని చుట్టుపట్టులను ఆధారముగా గైకొంటిమి. చేలు, చెరువులు, రాతిగుట్టలు తప్ప మరేమియు లేని కాలమును ఎరిగినవారు అచ్చట ఇంకను కొందరు కలరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఆ ప్రాంతము మారిన వేగమును వేరుగా వర్ణింప పనిలేదు. 2018లో ఆ గ్రామము మణికొండ పురపాలక సంఘములో చేరెను.

మొదట ఈ ఫిర్యాదు వయస్సెంతయో చూతము. దక్షిణాంధ్ర ప్రాంతమునకు చెందిన క్రీ. శ. 5, 6 శతాబ్దుల పల్లవ తామ్రశాసనములలో, కలియుగ దోషములచే క్రుంగిన ధర్మమును ఉద్ధరించుటకు రాజు ఎల్లప్పుడు సన్నద్ధుడై యున్నాడను భావముగల బిరుదు కనబడును. పదునైదు వందల యేండ్ల క్రిందటనే లోకము చెడినది. చెడిన లోకమును బాగుచేయువాడుగా రాజు తన్ను తాను చెప్పుకొనెను. ఇది నిట్టూర్పు కాదు, అధికారమునకు ఆధారము. క్రీ. శ. 634 నాటి ఐహోళు శాసనమున రవికీర్తి భారతయుద్ధమునుండి 3735 ఏండ్లు గడచినట్లు లెక్కించి, తాను కలికాలమున నున్నానని స్పష్టముగా చెప్పెను. ఐనను తన ప్రభువైన రెండవ పులకేశి దినములు చెడ్డవని అతడు తలపలేదు. గ్రీకు కవి హెసియడ్ క్రీస్తునకు ఏడెనిమిది వందల యేండ్ల పూర్వమే తనది ఇనుప యుగమని వగచెను. ప్రతి తరమునను వినబడు ఫిర్యాదు ఏ ఒక్క తరపు పతనమునకును ప్రమాణము కాజాలదు. అంతమాత్రమున అది అబద్ధమనియు చెప్పరాదు. దినదినము జ్వరమని మూలుగువానికి ఒకనాడు నిజముగానే జ్వరము రావచ్చును.

పుప్పాలగూడలో ఒక వృద్ధురాలు మాతో, “అప్పటి దినాలే మంచిగుండె సారూ. బాయిల నీళ్లు చేతికందుతుండె” అని చెప్పెను. కొంతసేపటికి సంతానమును గూర్చి అడుగగా, “ఏడుగురిని కన్న, ముగ్గురు దక్కిండ్రు” అని, ఆ మాటను ముందు మాటతో ముడిపెట్టకయే వేరు సంగతిలోనికి పోయెను. ఈ రెండును సాక్ష్యములే. మొదటిదానిని మాత్రము వ్రాసికొని వచ్చు పరిశోధకుడు సగము పని చేసినవాడగును. మేమును మొదట అట్లే వచ్చుచుంటిమి.

పోలికకు వీలైన ఉదాహరణము వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు మరణించినవారు సుమారు 15,000 అని అంచనా. 1901 జనాభా లెక్కల ప్రకారము నగర జనసంఖ్య నాలుగున్నర లక్షలకు మించలేదు. అనగా ఇంచుమించు ముప్పదిమందిలో ఒకరు పోయిరన్నమాట. పిమ్మట నిజాము ప్రభుత్వము ఆహ్వానింపగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరిశీలనలో, మూసీ పరీవాహక ప్రాంతమునగల 788 చెరువులలో 221 తెగినట్లు తేలెను. పూర్వుల చెరువులు చెక్కుచెదరనివని నమ్మువారు ఈ సంఖ్యను గమనింపవలెను. ఆయన సూచనల ఫలితముగనే పుప్పాలగూడకు పశ్చిమమున గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీ నదిపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. నగరవాసి “గండిపేట నీళ్లు” అని గర్వముగా చెప్పుకొను మాట వెనుక ఆ మృతులు కలరు.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో మరల అతివృష్టి కురిసెను. అప్పటికి నగర జనసంఖ్య 2011 లెక్కల నాటి 68 లక్షలను ఎంతో మించియుండెను. మృతులు మాత్రము పదులలో లెక్కింపబడిరి. ముందస్తు హెచ్చరిక, జలాశయముల గేట్లు, పడవలు, దూరవాణి – ఇవి పూర్వులకు లేని కవచములు. కాని మునిగిన కాలనీలలో ననేకము చెరువు శిఖములలోను, ఒక చెరువునుండి మరొక చెరువునకు నీరు పారు కాలువలమీదను వెలసినవే. 1908లో మనుష్యుల చేతులలో లేని విపత్తును, నేడు పటములు, కొలతలు దగ్గరనుండగనే మనము తెచ్చుకొంటిమి. చచ్చినవారి లెక్క ప్రకారము కాలము మెరుగుపడినది. బాధ్యత లెక్క ప్రకారము అట్లు చెప్పుట కష్టము.

తక్కిన మెరుగుదలలను గూర్చి పెద్ద వివాదము లేదు. 1901లో హైదరాబాదు రాజ్యమున చదువను వ్రాయను నేర్చినవారు నూటికి ముగ్గురు. 2011లో తెలంగాణమున 66 మందికి పైగా. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి భారతీయుని సగటు ఆయుర్దాయము 32 ఏండ్ల దరిదాపున నుండెను. నేడది 70 ఏండ్ల దరిదాపున నున్నది. మశూచి 1975 తరువాత ఈ దేశమున కానరాలేదు. 1930లో జోగిపేటయందు సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగిన ప్రథమ ఆంధ్రమహాసభ నాటికి తెలంగాణమున వెట్టి నిత్యకృత్యము. జాగీర్దారీ 1949లో రద్దయ్యెను. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చెను. ఆ వెట్టి చేసినవారి మనుమలు “నాటి కాలమే మంచిది” అనుట మేము అరుదుగా వింటిమి.

చెడినదేదియు లేదని చెప్పుట మా అభిప్రాయము కాదు. గ్రామమునకు ఆనుకొనియున్న ఖాజాగూడ గుట్టలవంటి దక్కను కణశిలల వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లు. వీనిలో ఎన్నియో ఒక్క తరములోనే పేల్చివేయబడి కంకరగా మారినవి. జంట జలాశయముల రక్షణకై 84 గ్రామములలో కట్టడములను నియంత్రించిన 111వ సంఖ్యగల ప్రభుత్వోత్తరువు 1996లో వచ్చెను. 2022లో 69వ సంఖ్యగల మరియొక ఉత్తరువు ఆ నియంత్రణను సడలించెను. ఆయుర్దాయము పెరిగినంతమాత్రమున పోయిన గుట్ట తిరిగి రాదు. పిల్లలు బ్రదికినంతమాత్రమున బావిలో నీరు ఊరదు. ఈ రెండింటిని ఒక త్రాసులో వేసి, లోకము మొత్తమున బాగుపడినదనియో చెడినదనియో తీర్పు చెప్పువారి తూనికరాళ్లు ఎట్టివో మాకు బోధపడలేదు. భూమి ధరను చూచి ఉప్పొంగువారును, చింతచెట్టు నీడను తలచి కన్నీరు పెట్టువారును ఈ విషయమున ఒకటే.

కనుక “ఏ కాలము మంచిది?” అని గాక, “ఎవనికి, ఏ విషయమున?” అని అడుగవలెను. ఇందుకు కొత్త ఆధారములు వెదుకనక్కరలేదు. 1949లో వెలువడిన ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధములను వెనుకకు నెట్టి, జనుల తిండి, బట్ట, ఆటపాటలను ముందునకు తెచ్చెను. ఆ దారిలో నడచువారు కావ్యములతోపాటు రెవెన్యూ కాగితములను చదువవలెను. 1954–55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు ఒకడు, భూమి అనుభవములో నున్నవాడు వేరొకడు కావచ్చును. పుప్పాలగూడ దస్తరములలో కాందిశీకుల భూములను మాటయు కలదు. 1948 దరిమిలా విడిచిపోయినవారికి ఆ గతము ఎట్టిదో ఊరిలో నిలిచినవారి జ్ఞాపకము చెప్పజాలదు. మంచి కాలమును తలచుకొను వృద్ధుని కుటుంబము ఆ కాగితములో ఏ గడియందున్నదో చూడక అతని మాటకు విలువ కట్టరాదు. శిఖము భూముల పాత విస్తీర్ణమును నేటి పటముతో సరిపోల్చినచో బావి మాట కొంత తేలును. దక్కని నలుగురు పిల్లల మాట మాత్రము ఏ పహాణీలోను లేదు. దానిని ఆ ఇండ్లకు పోయి, అరుగుపై కూర్చుండి, అడిగి వ్రాసికొనవలసినదే. చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.