మోతెజూమా నాటకము: పోయి దొరికిన సంగీతము

మెక్సికో దేశమున అజ్తెకు జాతివారికి ప్రభువైన మోతెజూమా 1520వ సంవత్సరమున స్పెయిను సేనల చెరలో నుండగా మరణించెను. 213 సంవత్సరములు గడచిన పిమ్మట, 1733వ సంవత్సరము నవంబరు 14వ తేదీని, ఇటలీ దేశమందలి వెనిసు నగరమున నా రాజు కథను సంగీత నాటకముగా నాడిరి. దానికి సంగీతము కూర్చినవాడు ఆంటోనియో వివాల్డి. ఆ సంగీతము మరల సభలో వినబడినది 2005వ సంవత్సరమున. నడుమ 272 ఏండ్లు. ఇది యెట్లు పోయినది, ఎచ్చట దాగినది, దొరికిన తరువాత నెవరి సొత్తని వ్యాజ్యెమాడిరి, సభలోనే పట్టిన ధ్వనిముద్రణముగా మనవఱకు నెట్లు వచ్చినది అను సంగతులను నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాను.

యూరపు ఖండమున ఆపెరా యనునది మొదటినుండి తుదివఱకు పాడబడు నాటకము. మన యక్షగానముతో దీనిని కొంతవఱకు పోల్చవచ్చును. కథ నడచు సంభాషణమును ఒకటి రెండు వాద్యములు తోడుగా, మాటలాడునట్లే పాడుదురు. కోపమో శోకమో పొంగినప్పుడు కథ నిలిచిపోవును. పాత్ర యొక నిండు పాట పాడి నిష్క్రమించును. 1600 మొదలు 1750 వఱకు గల కాలమును అచ్చటి సంగీత చరిత్రకారులు బరోక్ యుగమందురు. ఆ యుగమున వెనిసువారికి ఆపెరా యన్న వెఱ్ఱి మక్కువ. ఏటేట క్రొత్త నాటకము కావలెను. నిరుటి నాటకమును అడుగువాడు లేడు. నాటకపు మాటలను చిన్న పుస్తకముగా అచ్చొత్తించి ప్రేక్షకులకు విక్రయించెడివారు. సంగీతమును మాత్రము లేఖకులు చేతితో వ్రాసెడివారు. అచ్చుపుస్తకములు వందలకొలది పుట్టినవి గనుక మిగిలినవి. వ్రాతప్రతులు ఒకటి రెండే గనుక అనేకము నశించినవి.

మోతెజూమా నాటకమునకును అదియే గతి పట్టినది. మాటలు మిగిలినవి, సంగీతము పోయినది. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనములు రాగిరేకులపై మిగిలినను, రాగము పేరు దప్ప వరుస దెలియకున్న స్థితిని ఎఱిగిన మనకు ఈ నష్టమెట్టిదో వేఱుగా జెప్పనక్కఱలేదు.

వివాల్డి 1678వ సంవత్సరమున వెనిసులో జన్మించెను. పాదిరిగా దీక్ష గొనెను. తలవెండ్రుకలు ఎఱ్ఱనివగుటచే జనులు ‘ఎఱ్ఱ పాదిరి’ యని పిలిచిరి. దిక్కులేని బాలికలను పెంచు ఒక ధర్మశాలలో సంగీతము నేర్పెను. తాను 94 ఆపెరాలు రచించితినని 1739లో ఒక లేఖలో వ్రాసికొనెను. ఆ సంఖ్యలో అతిశయోక్తి కొంత యుండవచ్చును. నేడు సంగీతముతో మిగిలినవి సుమారు ఇరువది మాత్రమే. 1741లో వియన్నా నగరమున పేదవాడై మరణించెను. పిదప లోకము అతనిని మఱచెను. 1926 మొదలు 1930 వఱకు అతని సొంత వ్రాతప్రతుల పెద్ద కట్టలు ఇటలీలో బయటబడినప్పుడు, వానిని ట్యూరిను గ్రంథాలయమునకై కొనుటకు ధనమిచ్చినవారు ఇద్దఱు తండ్రులు. ఫోవా, జోర్డానో యని వారి యింటి పేర్లు. ఇద్దఱికిని పసికొడుకులు చనిపోయిరి. ఆ బిడ్డల పేర్లనే ఆ గ్రంథ సంచయములకు బెట్టిరి. వివాల్డి ఖ్యాతి మరల లేచుటకు ఆ కట్టలే మూలము. కాని వానిలో మోతెజూమా లేదు.

ఇక కథ. చరిత్రలో జరిగినది వేఱు, నాటకములో జరిగినది వేఱు. స్పెయిను సేనాని ఎర్నాన్ కోర్టేసు 1519లో మెక్సికో తీరమున దిగెను. మోతెజూమాను అతని నగరములోనే బందీగా జేసెను. స్వప్రజలు విసరిన రాళ్ళు తగిలి రాజు చచ్చెనని స్పెయినువారు వ్రాసిరి. స్పెయినువారే చంపిరని ఆ దేశీయుల కథనము. 1521 ఆగస్టు 13న రాజధాని పడిపోయెను. వెనిసు కవి జుస్తి, స్పెయిను చరిత్రకారుడైన సోలీసు గ్రంథము ననుసరించి కథ నెత్తుకొనియు, తన కాలపు నాటకధర్మమునకై దానిని మార్చివైచెను. రాజునకు మిత్రేనా యను రాణిని, త్యూతిలే యను కూతురిని కల్పించెను. సేనానికి రామీరో యను తమ్ముని గల్పించి, ఆ తమ్మునికిని రాజకుమారికిని ప్రేమ గూర్చెను. నాటకారంభమున ఓడిన రాజు భార్య చేతికి కత్తి యిచ్చి, శత్రువు చేత జిక్కుటకంటె బిడ్డతో గూడ మరణించుట మేలని చెప్పును. అట్లు మొదలైన కథ కడపట పెండ్లితో ముగియును! మోతెజూమా బ్రతికియే యుండి స్పెయిను రాజునకు సామంతుడగుట కంగీకరించును. ఆనాటి ప్రేక్షకులు శుభాంతమును గోరిరి, కవి యిచ్చెను.

ఈ శుభాంతము అందఱకును రుచించలేదు. క్యూబా దేశపు రచయిత అలేహో కార్పెంతియేర్ 1974లో ఒక చిన్న నవల వ్రాసెను. అందులో మెక్సికోనుండి వచ్చిన శ్రీమంతుడొకడు వెనిసులో ఈ నాటకమునే చూచి, ఇదంతయు అబద్ధమని వివాల్డి మీదనే కోపించును. ఆ నవల వ్రాయునాటికి ఈ నాటకపు సంగీతము లోకమునకు దొరకలేదు. రచయిత అచ్చుపుస్తకమందలి మాటలను ఆధారము చేసికొనెను. ఆ మెక్సికోవాని కోపము న్యాయమే యని నా అభిప్రాయము. అయినను ఒక సంగతి మఱవరాదు. జుస్తి కల్పించిన మిత్రేనా స్పెయిను సేనాని యెదుట నిలిచి అతని అన్యాయమును తూర్పారబట్టును. జయించినవాని ముఖముననే అట్టి మాటలు యూరపు రంగస్థలముపై 1733లో వినబడుట చిన్న సంగతి కాదు. ఆ వేషమును వేసినది అన్నా జిరో యను గాయని, వివాల్డికి శిష్యురాలు. ఈమె పేరు ముందు మరల వచ్చును.

ఇప్పుడు బెర్లినుకు బోవలెను. ఆ నగరమున ‘జింగ్ అకాదమీ’ యను గానసభ 1791లో స్థాపింపబడినది. మఱుగున బడిన బాక్ మహాశయుని భక్తిగానమును 1829లో మెండెల్సన్ ఈ సభవారిచేతనే పాడించి లోకమునకు మరల నిచ్చెను. పాత సంగీతపు వ్రాతప్రతులను కూడబెట్టుట ఆ సభకు పరిపాటి. రెండవ ప్రపంచ యుద్ధమున బెర్లినుపై బాంబులు పడుచుండగా, 1943లో ఆ భాండాగారమును సైలీషియా ప్రాంతమందలి యొక కోటకు తరలించిరి. 1945లో రష్యా సేనలు జయించి, ఆ కట్టలను ఉక్రెయిను దేశపు రాజధానియగు కీవు నగరమునకు గొనిపోయిరి. అంతకుముందు జర్మను సేనలు ఉక్రెయినులోని గ్రంథములను, చిత్రపటములను దోచుకొనిపోయిన మాటయు ఇచ్చట చెప్పి తీరవలెను. బెర్లిను సంచయము నశించినదనియే చాలకాలము లోకము తలచెను. 1999లో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు క్రిస్టఫ్ వోల్ఫును, ఆయనతో గూడి వెదకినవారును దానిని కీవులో కనుగొనిరి. అయిదువేలకు మించిన వ్రాతప్రతులు! 2001లో ఉక్రెయిను ప్రభుత్వము వానిని బెర్లినుకు మరల పంపెను.

చూడుడు: జయించినవాడు ఓడినవాని నిధిని గొనిపోవుట యే నాటకమునకు కథయో, ఆ నాటకపు ప్రతియే జయించినవారి సొత్తై అయిదు పదుల యేండ్లకు పైగా పరదేశమున నుండెను.

2002లో స్టెఫెన్ ఫోస్ అను సంగీత పరిశోధకుడు బెర్లినులో ఆ కట్టలను బరిశీలించుచు నొక ఆపెరా ప్రతిని జూచెను. పాటల క్రింద వ్రాసిన మాటలను 1733నాటి అచ్చుపుస్తకముతో సరిపోల్చగా అది మోతెజూమా యని తేలెను. రెండవ అంకము సంపూర్ణముగా నుండెను; మొదటి, మూడవ అంకములలో కొన్ని భాగములు లోపించినవి.

2005 జూను మాసమున హాలెండులోని రోటర్డాము నగరమున వేషములు లేకుండ కచ్చేరిగా పాడిరి. పిదప ఇటలీలోని బార్గా గ్రామమున ఉత్సవమునకు సిద్ధపడుచుండగా వ్యాజ్యెము వచ్చెను. జర్మను చట్టము ప్రకారము, ఎన్నడును ప్రకటింపబడని పాత కృతిని తొలుత ప్రకటించినవారికి 25 సంవత్సరములు హక్కు కలదు. ఆ హక్కు మాదియని బెర్లిను గానసభవారు వాదించిరి. నిషేధము వలన బార్గావారు నాటకమును మాటలతో జదివి, వివాల్డి యితర నాటకముల పాటలను నడుమ జేర్చి సభ నడిపిరి. జర్మనీలోని డ్యూసల్డార్ఫులో మాత్రము పై న్యాయస్థానము నిషేధమును ద్రోసివేసినందున సెప్టెంబరు 21న వేషములతో నాడిరి.

వ్యాజ్యెము జర్మనీ అత్యున్నత న్యాయస్థానము వఱకు బోయి 2009 జనవరిలో ముగిసెను. న్యాయాధిపతులు నిర్ణయించిన విషయము విచిత్రమైనది: 1733లో ఒక నాటకము ‘ప్రకటింపబడుట’ యన నేమి? ఆ కాలమున సంగీత ప్రతిని నాటకశాలకు ఒప్పగించినచో, కావలసినవారు లేఖకునికి సొమ్మిచ్చి నకలు వ్రాయించుకొనెడి ఆచారము కలదు. అదియే ఆనాటి ప్రకటనము. ప్రకటింపబడలేదని రుజువు చేయవలసిన భారము గానసభదే, వారది చేయజాలరైరి. కావున ఏకహక్కు లేదని తీర్పు. తాటాకు ప్రతులను నకలు వ్రాసికొనుట యెఱిగిన మన పెద్దలకు ఈ తీర్పు ధర్మముగానే తోచును. గానసభవారు ప్రతిని కాపాడినవారే, వారి శ్రమకు గౌరవము చెల్లవలెను. అయితే కాపాడినవానికి కాగితముపై హక్కు గలుగును గాని, పాటపై గలుగదు.

లోపించిన భాగములను అలెసాండ్రో చికోలీని యను వాయులీన విద్వాంసుడు వివాల్డి శైలినే అనుసరించి పూరించెను. అలన్ కర్టిస్ అను అమెరికా విద్వాంసుడు ఆ పాఠమును పాడించెను. కూలిన ఆలయమున క్రొత్తరాయి నిలిపినట్టిదే ఈ పని. రాతిలోనైన కొత్త పాతలు కంటికి దెలియును, చెవికి తెలియవు. పూరించిన చోటు లివియని పుస్తకమున దెలుపుట చాలునా, శ్రోతకు సభలోనే తెలియవలదా యను సందేహము నాకు గలదు. మఱియొక మార్పు: ఆనాడు సేనాని ఫెర్నాండో వేషమును బాల్యముననే పుంస్త్వము దీసివేసి కంఠమును నిలిపిన గాయకుడు పాడెను. ఆ క్రూరాచారము పోయినది. నేడా పాటలను స్త్రీలు పురుషవేషము దాల్చి పాడుచున్నారు. పురుషులు స్త్రీవేషములు గట్టిన మన నాటక సమాజముల నెఱిగినవారికి ఇది వింతగా తోచదు.

కర్టిస్ మొదట ధ్వనిముద్రణశాలలో నొక ముద్రణము చేసెను. అందు తప్పు దొరలినచో మరల పాడి సవరింపవచ్చును. సభలో ప్రేక్షకుల యెదుట నాడుచుండగా పట్టిన ముద్రణమున కట్టి సవరణ లేదు. నటులు వేదికపై నడచు చప్పుడు, ఊపిరి, జనుల కరతాళములు గూడ అందు జేరును. ఒక రాత్రికై, ఒక సభకై వ్రాసిన ఈ సంగీతమునకు రెండవ పద్ధతియే తగినదని నేను దలచెదను. అట్టి ముద్రణమును 2008లో ఇటలీలోని ఫెరారా నగరపు నాటకశాలలో చేసిరి.

ఆ ఫెరారాకు వివాల్డితో నొక పాత పరిచయము గలదు. 1737లో అతడచ్చట ఆపెరాలు నడుపుటకు సకలమును సిద్ధము చేసికొనగా, ఆ నగరపు మతాధిపతియగు కార్డినల్ రుఫో అతడు ఊరిలో నడుగిడరాదని ఆజ్ఞాపించెను. కారణములు రెండు: పాదిరియై యుండియు పూజ నడుపకుండుట యొకటి, మిత్రేనా వేషధారిణియగు అన్నా జిరోతోడి స్నేహము రెండవది. ఇరువురు లేని ఆ నగరమున, 271 సంవత్సరముల పిమ్మట, మిత్రేనా పాటలను వేఱొక గాయని పాడెను.