ఇంగ్లీషు మోడల్ క్రియలు: సొంత అర్థం నుంచి సహాయక స్థాయికి

ఇంగ్లీషులో 'క్యాన్', 'కుడ్', 'మే', 'మైట్', 'షల్', 'షుడ్', 'విల్', 'వుడ్', 'మస్ట్' అనే తొమ్మిదింటిని వ్యాకర్తలు ప్రధానమైన మోడల్ క్రియలుగా లెక్కిస్తారు. పని జరిగిందో లేదో చెప్పడం వీటి బాధ్యత కాదు. ఆ పని చేసే శక్తి, అనుమతి, విధి, సంభావ్యత వంటివాటిని తెలపడానికి ఇవి మరో క్రియను ఆశ్రయించి వస్తాయి. మిగతా క్రియలకున్న స్వేచ్ఛ వీటికి లేదు. ప్రథమ పురుష ఏకవచనంలో వీటికి 'ఎస్' చేరదు, వీటి తర్వాతి క్రియకు ముందు 'టు' రాదు, ఒక మోడల్ పక్కన మరో మోడల్ నిలవదు. బడిలో మినహాయింపులుగా కంఠస్థం చేయించే ఈ కట్టుబాట్లు నిజానికి వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర మిగిల్చిన ఆనవాళ్లు.

నార్మన్ల దండయాత్రకు ముందు ఇంగ్లండులో వాడుకలో ఉన్న పాత ఇంగ్లీషులో ఈ మాటలు చాలావరకు సొంత అర్థం గల క్రియలుగానే ఉండేవి. నేటి 'క్యాన్'కు మూలమైన 'కున్నన్' అంటే తెలిసి ఉండటం, 'మే'కు మూలమైన 'మగన్' అంటే బలం కలిగి ఉండటం, 'విల్'కు మూలమైన 'విల్లన్' అంటే కోరుకోవడం. 'షల్' పూర్వరూపానికి బాకీపడి ఉండటమనే అర్థం ఉండేది కనుక ఒకరికి ఇంత సొమ్ము అచ్చుకోవాలని చెప్పడానికి ఆ క్రియ ఒక్కటే సరిపోయేది. అప్పు తీర్చవలసి ఉండటం నుంచి పని చేయవలసి ఉండటానికి, అక్కడి నుంచి ఆ పని జరగబోతుందనే భవిష్యత్ సూచనకు 'షల్' జరుగుతూ వచ్చింది. అర్థబలం గల మాట క్రమంగా అరిగిపోయి వ్యాకరణ సామగ్రిగా మారడాన్ని భాషాశాస్త్రంలో వ్యాకరణీకరణం అంటారు. ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ మెయ్యే 1912లో ఈ భావనకు పేరు పెట్టాడు. 'చేయవలెను' అన్న రూపం 'చేయాలి'గా కుదించుకుపోవడం, 'వచ్చు' అనే క్రియ 'వెళ్లవచ్చు' వంటి చోట్ల రావడమనే అర్థం విడిచి అనుమతినో సంభావ్యతనో తెలపడం చూస్తే తెలుగు కూడా ఈ దారికి కొత్తది కాదని తెలుస్తుంది.

'ఎస్' చేరకపోవడానికి కారణం ఇంకా పాతది. ఈ క్రియల్లో అధిక భాగం భూత-వర్తమాన క్రియలనే వర్గానికి చెందినవి, అంటే రూపంలో భూతకాలానివి, అర్థంలో వర్తమానానివి. నేర్చుకోవడం ముగిసింది కనుక ఇప్పుడు తెలుసు అన్న తర్కం మీద ఇవి ఏర్పడ్డాయి. జర్మానిక్ భాషల భూతకాల రూపానికి ప్రథమ పురుషలో ప్రత్యేక ప్రత్యయం ఉండేది కాదు కాబట్టి 'హి శాంగ్' అన్నచోట 'ఎస్' ఎలా లేదో 'హి క్యాన్' అన్నచోటా అలాగే లేదు. అసలు భూతరూపం వర్తమానానికి వాడుకైపోవడంతో వీటికి కొత్త భూతరూపాలు అవసరమై 'కుడ్', 'మైట్', 'షుడ్' వంటివాటి పూర్వరూపాలు పుట్టాయి. విచిత్రమేమిటంటే, కాలం గడిచాక అవి కూడా భూతకాలాన్ని చాలావరకు విడిచి మర్యాదకూ సందేహానికీ గుర్తులయ్యాయి. 'మస్ట్' కథ మరీ చిత్రం. అది 'మోట్' అనే క్రియకు భూతరూపం కాగా, మూలక్రియ వాడుక నుంచి తప్పుకుంది, భూతరూపమే వర్తమానంగా స్థిరపడింది. 'కుడ్' వర్ణక్రమంలోని 'ఎల్' అక్షరానికి మూలరూపంలో ఆధారం లేదు. 'షుడ్', 'వుడ్'లలో న్యాయంగా ఉన్న 'ఎల్'ను చూసి 15, 16 శతాబ్దాల ప్రాంతంలో లేఖకులు దీనికీ తగిలించారు.

మధ్య ఇంగ్లీషు కాలంలో, అంటే సుమారు 1100 నుంచి 1500 వరకు, క్రియల చివరి ప్రత్యయాలు ఒక్కొక్కటే అరిగిపోయాయి. కోరికను, సందేహాన్ని తెలిపే ప్రత్యేక క్రియారూపాలు సాధారణ రూపాల్లో కలిసిపోవడంతో ఆ పని మోడల్స్ మీద పడింది. అదే సమయంలో అవి కర్మను నేరుగా తీసుకునే శక్తిని, అసమాపక రూపాలను పోగొట్టుకుంటూ వచ్చాయి. 'షల్' పక్కన 'క్యాన్' నిలిచే ప్రయోగం మధ్య ఇంగ్లీషు కవి చాసర్ కాలంలో సాధ్యమే. 16వ శతాబ్ది రచయిత థామస్ మోర్ తర్వాత అలాంటివి ప్రామాణిక రచనలో దాదాపు కనుమరుగయ్యాయి. భాషావేత్త డేవిడ్ లైట్‌ఫుట్ 1979లో వెలువరించిన గ్రంథంలో ఈ మార్పు 16వ శతాబ్దిలో ఒక్కసారిగా జరిగిందని వాదించగా, ఆంథొనీ వార్నర్ వంటివారు ఒక్కో క్రియ ఒక్కో వేగంతో మారిందని చూపారు. 'విల్' చాలాకాలం కోరుకోవడమనే పాత అర్థంలోనూ కొనసాగడాన్ని బట్టి రెండో వాదమే బలమైనదిగా కనిపిస్తుంది. స్కాట్లండులోను, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోను 'మైట్ కుడ్' వంటి జంట మోడల్స్ నేటికీ జనం నోట వినిపిస్తాయి.

మోడల్స్ పోగొట్టుకున్న స్వేచ్ఛే నేటి నిత్య వాడుకలోని పదబంధాలకు చోటిచ్చింది. 'విల్ క్యాన్' అనే వీలు లేదు కనుక 'విల్ బి ఏబుల్ టు' అనవలసి వస్తోంది. 'మస్ట్'కు భూతకాలం మిగల్లేదు కనుక 'హ్యాడ్ టు' అక్కరకొచ్చింది. 'మే మస్ట్' కుదరదు కనుక 'మే హావ్ టు' నిలిచింది. వీటిలో 'హావ్ టు' పుట్టుక గమనించదగ్గది. రాయవలసిన ఉత్తరం ఒకటి తన దగ్గర ఉందని చెప్పే వాక్యంలో 'హావ్' స్వాధీనాన్నే తెలిపేది. పదక్రమం మారి 'హావ్', 'టు' పక్కపక్కకు చేరాక స్వాధీనం మరుగునపడి బాధ్యత మిగిలింది. భూతకాలాన్ని సూచించే పని కూడా 'హావ్'కే దక్కి 'షుడ్ హావ్', 'మస్ట్ హావ్' వంటి కూర్పులు బలపడ్డాయి. మన దేశంలో తరచు వినిపించే 'క్యాన్ ఏబుల్ టు' అన్న ప్రయోగాన్ని ఉపాధ్యాయులు తప్పుగా దిద్దుతారు. 'క్యాన్' చేసే పనిని, దాని బదులు రావలసిన పదబంధాన్ని ఒకేచోట పెట్టడం, పైగా 'బి'ని వదిలేయడం అందులోని దోషం.

వాడుక ఇలా సాగుతుండగా నియమాలు మరో దారి పట్టాయి. అనంతాన్ని సూచించే గణిత చిహ్నాన్ని ప్రవేశపెట్టిన జాన్ వాలిసే 1653లో లాటిన్‌లో ఒక ఇంగ్లీషు వ్యాకరణం రాసి, ఉత్తమ పురుషలో 'షల్' కేవల భవిష్యత్తును, 'విల్' వాగ్దానాన్నో బెదిరింపునో తెలుపుతాయని, మిగతా పురుషల్లో ఇది తారుమారవుతుందని సూత్రీకరించాడు. విదేశీయుల కోసం చెప్పిన ఈ సూత్రం తర్వాతి వ్యాకర్తల చేతుల్లో స్వదేశీయులను తప్పుపట్టే కొలతగా మారింది. దాన్ని సహజంగా పాటించని స్కాట్లండు, ఐర్లండు ప్రజలు నవ్వులపాలయ్యారు. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చదువుకున్న తెలుగువారికీ ఈ నియమం పరిచితమే. న్యాయశాస్త్ర భాషలో మాత్రం 'షల్' విధి అనే పాత అర్థాన్ని నిలుపుకుంది. అక్కడ కూడా సందిగ్ధతకు తావిస్తోందన్న కారణంతో అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమావళిని 2007లో తిరగరాసినప్పుడు దాన్ని తొలగించారు.

1961 నాటి ముద్రిత ఇంగ్లీషు నుంచి పది లక్షల పదాలతో కూర్చిన బ్రౌన్ కార్పస్‌ను, దానికి సమానమైన బ్రిటిష్ సంకలనాన్ని, మూడు దశాబ్దాల తర్వాత అదే పద్ధతిలో కూర్చినవాటితో భాషావేత్త జెఫ్రీ లీచ్ పోల్చి చూశాడు. మోడల్స్ వాడుక మొత్తం మీద సుమారు పది శాతం తగ్గిందని, 'షల్', 'మస్ట్', 'మే' ఎక్కువగా దెబ్బతిన్నాయని 2003లో ప్రకటించిన ఆ పరిశీలనలో తేలింది. 'నీడ్ టు', 'వాంట్ టు' వంటి పదబంధాలు మాత్రం పెరుగుతున్నాయి. 'గోయింగ్ టు' మాటల్లో ఇప్పటికే 'గొన్నా' అయి, ఒకప్పుడు 'షల్' నడిచిన దారినే పట్టింది. ఈ స్థితిలో 'షల్', 'విల్'ల తేడాకు పేజీలు కేటాయించి, 'హావ్ టు', 'బి ఏబుల్ టు'లను అధస్సూచికలకు పరిమితం చేసే పాఠ్యపుస్తకం నేటి ఇంగ్లీషును బోధిస్తున్నట్టు కాదు.